రెండో ముద్ర

బ్యాంకు అప్పు కాగితం మీద సంతకానికి బదులుగా నా పేరు ముద్ర వేయబోతూ ఆగాను. వేస్తే హిగాషి ఒసాకాలోని మా ఫ్యాక్టరీలో కొత్త రకం వాల్వు తయారవుతుంది. అది అమ్ముడుపోకపోతే హామీ పెట్టిన నా ఇల్లు పోతుంది.

"ఫ్యాక్టరీలో వాటా కొంటామని టోక్యో కంపెనీ వాళ్లు అడుగుతున్నారుగా. ఈ అప్పు బదులు వాళ్లకే ఇచ్చేద్దామా?" అన్నాను.

నాన్న కాలం నుంచీ మా పెద్ద మేస్త్రీ నిషివాకి గారే. ఆ వాల్వు ఆయన కనిపెట్టిందే. నా మాట వినగానే ఇంతెత్తున లేచారు.

"వాటాదారుడు నష్టమొస్తే ఇల్లు అడగడు, నిజమే. మరి లాభమొస్తే? సగం వాడే పట్టుకుపోతాడు! ఈ వాల్వు చుక్క కారదు అమ్మాయిగారూ, నాది పూచీ. పండే చేలో పక్కవాడికి వాటా ఇస్తారా ఎవరైనా? అంత పిరికితనమైతే ఎలా!"

నాకు సిగ్గేసింది. ముద్రకి ఎర్ర సిరా అద్దాను. అప్పుడు కనిపించింది, నా పేరు కింద ఖాళీగా ఉన్న ఇంకో గడి. ఆ రోజుల్లో బ్యాంకులు ఒక్కరి హామీతో ఊరుకునేవి కావు.

కాగితం ఆయన వైపు తిప్పాను. "మీకూ సొంతిల్లుందిగా. రెండో ముద్ర మీరే వేయండి."

నిషివాకి గారు టీ కప్పు అందుకున్నారు. పెదాల దాకా తెచ్చి, తాగకుండానే కింద పెట్టేశారు.

"ఆ టోక్యో వాళ్లు మంచివాళ్లలాగే ఉన్నారమ్మా," అన్నారు మెల్లగా.

అప్పటిదాకా నా భయమంతా అప్పు గురించే. ఇప్పుడు బల్ల మీదున్న ఆ వాల్వును చూస్తే భయమేసింది.