సాయన్న ముందర నిలిచినోడు

"యెల్లారెడ్డి రూప్లా ఈసారి నీ తూకంలనే దిగుతుండట బాపూ," అన్నాడు రాకేష్.

సాయన్న చాయ్ సాసర్లో పోసుకుంటున్నాడు. పోస్తూనే ఉన్నాడు. సాసరు నిండి ధోతి మీదికి కారింది.

కామారెడ్డి బస్టాండు ఎదురుగా యోబు చాయ్ హోటల్ అది. రాకేష్ ఊళ్ళో జూడో నేర్పే సారు. సాయన్న రిటైరైన బస్సు డ్రైవరు. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదనుకోండి. డెబ్బై దాటినవాళ్ళ జాతీయ జూడో పోటీలో అరవై ఆరు కిలోల చాంపియన్ అంటేనే గుర్తుపడతారు. పుణెలో గెలిచాడు, లక్నోలో గెలిచాడు, కొచ్చిన్‌లో గెలిచాడు, మళ్ళీ పుణెలో గెలిచాడు. ఇంట్లో మేకులు చాలక భార్య సాలవ్వ ఒక్కో మేకుకు రెండేసి మెడళ్ళు తగిలించింది. కరెంటు బిల్లు ఇచ్చేవాడు కూడా "చాంపియన్ సాబ్" అనే పిలుస్తాడు.

రూప్లా కూడా తక్కువవాడు కాదు. యెల్లారెడ్డి పక్క తండా మనిషి. ఆ పై తూకంలో, అంటే డెబ్బై మూడు కిలోల్లో, ఏటేటా అతనే చాంపియన్. ఈ మధ్య షుగర్ వచ్చి చిక్కిపోయాడు. చిక్కి చిక్కి సాయన్న తూకంలోకి జారాడు.

"అయితె ఏంది చాంపియన్ సాబ్?" అన్నాడు యోబు, చాయ్ వడగడుతూ. "ఇన్నేండ్లల్ల నీ ముందర ఎవడన్న నిలిచిండా?"

"ఒక్కడు నిలువలే," అన్నాడు సాయన్న ధోతి దులుపుకుంటూ. "పేరు పిలుస్తరు. మ్యాట్ మీదికి పోత. వంగి దండం పెడత. నిమిషం గాకముందే రెఫరీ నా చెయ్యి లేపుతడు."

తాగుతున్న చాయ్ రాకేష్‌కు పొరపోయింది. దగ్గి దగ్గి సర్దుకున్నాడు.

"బాపూ, ఈసారన్న పడుడెట్లనో నేర్చుకో. మెడకు దెబ్బ తాకకుండ."

"పడెటోడు నేర్చుకుంటడు. నాకెందుకు?"

ఇంటికి వచ్చేసరికి సాలవ్వ జూడో డ్రెస్సును ఎండకు వేస్తోంది.

"ఇస్త్రీ చేసి పంపిస్త. ఆ మడత ఆ మడతనే వస్తది. వాండ్లను మీద చెయ్యన్న ఎయ్యనియ్యవా ఏంది?"

"చెయ్యేసేదాంక రానిస్తనా?" అన్నాడు సాయన్న. కానీ మంచం మీద కూర్చుని మెడళ్ళకేసి చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు. ఓడితే రేపటి నుంచి వట్టి సాయన్న. కరెంటు బిల్లు వాడు కూడా తలుపు దగ్గర పడేసి పోతాడు.

మర్నాడు పొద్దున్నే యెల్లారెడ్డి బస్సెక్కాడు. రూప్లా ఇంటి ముందు వేపనీడలో కూర్చుని ఉన్నాడు. అతని భార్య పార్వతిబాయి ఇద్దరికీ జొన్నరొట్టె, కోడికూర పెట్టింది.

"నీ పట్టు ఏందే రూప్లా?" అన్నాడు సాయన్న, ఏదో మాటవరసకు అడిగినట్టు.

"అది చెప్పేది గాదన్నా, చూసేది. మరి నీది?"

"నాది గూడ గసొంటిదే."

సాయన్న ఇంకో రొట్టె తుంచాడు.

"నీ మోకాళ్ళు మంచిగ లేనట్టున్నయి. ఈసారి ఇంటికాడ ఉండరాదు?"

"నువ్వే ఉండు అన్నా. పెద్దోనివి. నిన్ను పడేస్తె నాకు పాపం తాకుతది."

తిరుగు బస్సులో సాయన్నకు ఉపాయం తట్టింది. రూప్లా కిందికి జారాడు. తాను పైకి పోతే సరి. కాస్త కండ పట్టి, అరవై ఆరు దాటి కాంట ఎక్కితే చాలు. రూప్లా మొహమే చూడనక్కర లేదు.

"ఒక్క తూకంలనే గెలిచి గెలిచి మొకం గొట్టింది," అన్నాడు సాలవ్వతో. "డెబ్బై మూడుల గూడ ఒకటి కొడత."

ఆ రోజు నుంచి తిండి మొదలైంది. పొద్దున ఇడ్లీ, దాని మీద ఉప్మా. యోబు హోటల్లో మిర్చి బజ్జీలు. మధ్యాహ్నం నెయ్యి, సాయంత్రం మళ్ళీ నెయ్యి.

"నువ్వు జూడోకు పోతున్నవా, దావతుకు పోతున్నవా?" అంది సాలవ్వ.

ఈ ఏడు పోటీ భోపాల్‌లో. సాయన్న కాంట ఎక్కాడు. అరవై ఏడున్నర. "డెబ్బై మూడు కిలోల పోటీ," అన్నాడు ఆఫీసరు. సాయన్న దిగి, గట్టిగా ఊపిరి వదిలాడు.

పక్క కాంట మీంచి దిగిన మనిషి కూడా సరిగ్గా అట్లాగే ఊపిరి వదిలాడు. పొట్ట ముందుకు వచ్చి ఉంది. చేతిలో సగం తిన్న అరటిపండు. రూప్లా.

"నువ్వేందే ఈడ? చిక్కినవు గదా?"

"పాత తూకం మీదికి పానం గుంజిందన్నా," అన్నాడు రూప్లా నీరసంగా. "డాక్టరు వద్దన్నా తిన్న. నువ్వేంది మరి?"

సాయన్న తన పొట్ట లోపలికి గుంజుకున్నాడు.

పేర్లు పిలిచారు. కామారెడ్డిలో యోబు చాయ్ పొయ్యి బందు పెట్టి, పోటీ లైవ్ వస్తున్న ఫోను గోడకు ఆనించాడు. హోటల్ హోటలంతా దాని చుట్టూ మూగింది. ఇక్కడ మ్యాట్ పక్కన, వెంట వచ్చిన రాకేష్ కళ్ళు మూసుకున్నాడు.

ఇద్దరు చాంపియన్లూ వంగి దండం పెట్టారు. దండం మాత్రం చూడముచ్చటగా ఉంది. అంత చక్కని దండం కుర్రవాళ్ళు కూడా పెట్టలేరు.

రెఫరీ మొదలుపెట్టమన్నాడు. ఎవరూ కదల్లేదు. అలవాటు కొద్దీ సాయన్న కుడిచెయ్యి కొంచెం పైకి లేచింది. చూసుకుని దించుకున్నాడు.

రెఫరీ మళ్ళీ అరిచాడు. ఇద్దరూ తలా ఒక అడుగు వేసి ఒకరి కాలరు ఒకరు పట్టుకున్నారు. పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. రూప్లా మెల్లగా సాయన్న చెవి దగ్గరికి వంగాడు.

"అన్నా, ఎదురుంగ మనిషుంటె ఏం జెయ్యాలె?"

"నాకేమెరుక తమ్మీ, నా తూకంల గూడ ఇన్నేండ్లు పేరిచ్చింది నేనొక్కన్నే."