మండలి నిలబెట్టిన రాయి

లోకమంతా అంకెలతో కట్టిందే అంటుంది మా క్రోటోన్ ఊరి గురువు మండలి. మీటిన తీగ పొడవులో అంకె, నక్షత్రాల నడకలో అంకె. మరి దుఃఖానిది ఏ అంకె? ఈ అనుమానం ఏళ్ల తరబడి నన్ను వదలడం లేదు. దేవుళ్లను నమ్మేవాణ్ణే. హేరా తల్లికి పాలు పొయ్యనిదే పొద్దున రొట్టె ముట్టను. అయినా వదలదు.

ఇలాంటి ప్రశ్నే ఫైనియాస్ ఒకసారి మండలిలో పైకి అడిగాడు.

"గురువు అలా అన్నాడు" అన్నారు పెద్దలు. ఆ మాటతో అక్కడ ఏ వాదమైనా ముగిసిపోతుంది.

"అన్నాడు సరే. ఎందుకన్నాడు?" అన్నాడు ఫైనియాస్.

ద్రాక్ష కోతలు ముగిసేలోపే ఊరి బయట సమాధుల వరసలో అతని పేరుతో రాయి లేచింది. ఊళ్లో ఎవరూ ఏమీ అడగలేదు. అతని తల్లి తిమారెతె కూడా మండలి మనిషే. ఆ రాయి ముందు కన్ను తడవకుండా నిలబడి పాలూ తేనే పోసింది.

ఇప్పుడు ఆమె మంచం పట్టిందని తెలిసి, కొండ మీది నా ద్రాక్షతోట వదిలి వాళ్ల వాకిటికి వచ్చాను. ఆమె కన్ను మూసేలోపు ఒక్క మాట చేరాలి. అంతే నాకు కావలసింది.

తలుపు సందులోంచి ముసలి దాసి గ్లౌకె తొంగి చూసింది.

"మళ్లీ వచ్చావా? పెద్దయ్య చూస్తే నా వీపు బద్దలే."

"ఒక్క మాట గ్లౌకే. ఫైనియాస్‌కు ఆమె మీద కోపం లేదని చెప్పు. చాలు."

"ఆ ఒక్క మాట కోసం ఇంత ఎండలో కొండ దిగొచ్చావా? మీ మగాళ్లకు మాటలు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయయ్యా!"

ఇంతలో తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఆ ఇంటి పెద్దకొడుకు అగేలాస్. ఒంటి మీద మండలి వాళ్లు కట్టే తెల్లటి నార బట్ట. నా భుజం మీదుగా వీధిలోకి చూశాడు.

"ఎవరో పరాయి ఊరివాడిలా ఉన్నాడు. రొట్టె ఇచ్చి పంపెయ్" అన్నాడు గ్లౌకెతో.

"నేను పుట్టింది ఈ ఊళ్లోనే" అన్నాను.

"ఎండన పడి వచ్చినట్టున్నాడు. ఒలీవ కాయలు కూడా ఇవ్వు" అన్నాడు, మళ్లీ గ్లౌకెతోనే. లోపలికి వెళ్లిపోయాడు.

గ్లౌకె రొట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఉడికిన చిక్కుళ్లు మాత్రం అడక్కు బాబూ. గురువు తినొద్దన్నాడని ఈ కొంపలో చిక్కుడు గింజ కనబడితే పాము కనబడినట్టే." నవ్వించాలనే అంది. నవ్వు రాలేదు. ఆమె చెంగు సర్దుకుని లోపలికి నడిచింది.

తిరిగి వచ్చినప్పుడు నా మొహం చూడలేదు.

"చెప్పానయ్యా."

"ఏమంది?"

"'పోయినవాళ్లకు కోపాలేమిటే, పిచ్చిదానా' అంది. గోడవైపు తిరిగి పడుకుంది."

నేను వీధి మలుపు తిరగకముందే ఆ ఇంట్లోంచి ఏడుపు వినిపించింది. గ్లౌకె గొంతు ఒక్కటే. మండలి వాళ్లు చావుకు ఏడవరు.

మర్నాడు తిమారెతెను ఫైనియాస్ రాయి పక్కనే పాతిపెట్టారు. నేను దూరంగా చెట్టు కింద నిలబడ్డాను. తెల్ల బట్టలన్నీ వరసగా ఊళ్లోకి వెళ్లిపోయాయి. అగేలాస్ ఒక్కడే ఉండిపోయాడు. నావైపు వీపు పెట్టి, ఆ రాయితో మాట్లాడాడు.

"తమ్ముడూ, అబద్ధం ఆడను. చివరిదాకా అమ్మ నీ పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తకూడదు. రాయితో మాట్లాడకూడదని మాత్రం గురువు ఎక్కడా అనలేదు."

రాతి మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"చిన్నప్పుడు గొర్రె ఎముకల ఆటలో ఓడిపోయి, నీకు నువ్వుల ఉండ ఇస్తానని ఎగ్గొట్టాను. గుర్తుందా? దొంగాట ఆడావని వంక పెట్టాను. నువ్వు ఆడలేదురా."

బట్ట మడతలోంచి తేనెతో కట్టిన ఉండ తీసి రాతి అంచున పెట్టాడు. నా పక్కనుంచే నడిచిపోయాడు. తల తిప్పలేదు.

పోయినవాళ్లకు పెట్టింది బతికున్నవాళ్లు ముట్టకూడదు. కానీ వెళ్లగొట్టినవాడికి బతికుండగానే సమాధి రాయి నిలబెట్టడం మండలి ఆచారం. ఈ రాతి మీద ఉన్న పేరు నాదే కాబట్టి, ఆ ఉండ తీసుకుని తిన్నాను.