రాలిన ఈక

వానాకాలం చివర్లో ఒక పొద్దున వసారా ఊడుస్తున్న నీరజ, పెంపుడు నెమలి మబ్బును చూసి, చీపురు వదిలేసి తల్లిని కేకేసింది. "అమ్మా, మబ్బుకు ఏదో జబ్బు చేసింది. ఈక ఊడిపడింది!"

కర్నూలుకు ఆయువు చుక్కలు వచ్చి అరవై ఏళ్ళయింది. ఏటా ఉగాదికి వేయిస్తే పెంపుడు నెమలి ముసలిదవదు, ఈక రాల్చదు. నలభై ఏళ్ళ నీరజ నెమలీకను తోకలో తప్ప నేలమీద ఎన్నడూ చూడలేదు.

సుభాషిణమ్మ నెమ్మదిగా వచ్చి ఈక అందుకుంది. "ఈ ఉగాదికి నేను చుక్కలు వేయించలేదే."

"ఎందుకట్ల జేసినావు? నీ తర్వాత నేను సాకనా?"

"నువ్వు సాకుతావులే. అది ఒప్పుకోవల్ల గదా."

మబ్బు ఈ ఇంట్లో ఇద్దరిని సాగనంపింది. మొదట తాత, తర్వాత నానమ్మ. నానమ్మ పోయినప్పుడు నెలరోజులు ఆమె మంచం కిందనుంచి కదల్లేదు. సుభాషిణమ్మే ముక్కు తెరిచి గింజలు పెట్టి బతికించింది. ఆమెకిప్పుడు డెబ్బై రెండు.

"మూడోసారి దానికి ఆ గతి వద్దమ్మా. నాకున్నన్ని ఏళ్ళే దానికీ చాలు."

మబ్బు గింజల గిన్నె దగ్గర ఒళ్ళు విదిలించుకుంది. ఇంకో ఈక జారింది. నీరజ ఉలిక్కిపడింది. "మళ్ళీ! ఇది జబ్బు గాదంటావా?"

"జబ్బు గాదే. చుక్కలు లేకుంటే నెమలికి ఏటా వానలు పోయేటప్పుడు ఈకలు రాలేవే." సుభాషిణమ్మ మొదటి ఈకను కూతురి చేతిలో పెట్టింది. "దానికి ఒక ఏడాది గడిచింది."