రంపానికి కరెంటు

“రంపానికి కాస్త కరెంటు ఇప్పించండి బాబూ. గాలివానకి కొబ్బరిచెట్టు దారికి అడ్డంగా పడింది. మా అమ్మాయికి నొప్పులొస్తున్నాయండి, ఆటో లోపలికి రాలేకపోతోంది,” అన్నాడు గుమ్మంలో పల్లంరాజు.

తుఫాను వెలిశాక ఆ వీధిలో జనరేటర్ నడుస్తున్నది సత్యప్రసాద్ ఇంట్లోనే. ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు.

“రంపం పెడితే జనరేటర్ పాడైపోద్దయ్యా. గొడ్డలితో కొట్టుకోండి, మీకు అలవాటేగా.”

భార్య సూర్యకళ ఏసీ, టీవీ ఆపేసి, పొడుగు వైరు తెచ్చి పల్లంరాజు చేతికిచ్చింది.

చెట్టు తెగింది. ఆటో ఆసుపత్రికి వెళ్లిపోయింది.

అప్పుడొచ్చాడు సత్యప్రసాద్ వీధిలోకి. “నేనే గనక కరెంటివ్వకపోతే ఆ పిల్ల ఏమైపోయేదో,” అన్నాడు చేరినవాళ్లతో.

ఇన్నేళ్లూ మొగుడిది వట్టి పిసినారితనమే అనుకుంది సూర్యకళ. మనిషి అంతకన్నా చిన్నవాడని ఆవేళ తెలిసింది.