రాగంలో పేరు

నా పేరు కాటూరి దీవెనమ్మ. వయసు ఎనభై ఒకటి. అమెరికాలో, టెక్సస్‌లోని కాపెల్ ఊళ్లో కూతురు పర్సిస్, ఆమె కొడుకు షాలేం రాజుతో ఒకే ఇంట్లో ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పర్సిస్ రాస్తోంది. ఇది నా మనవడి పాటలు అమ్మే కంపెనీవారికి.

మావాడు మొదట చర్చిలో గిటారు వాయించేవాడు. ఇప్పుడు కౌబాయ్ టోపీ పెట్టుకుని, ఇక్కడి పల్లెల కంట్రీ పాటలో ర్యాప్ కలిపి, ఎద్దుల స్వారీ పోటీలు జరిగే రోడియో మైదానాల్లో పాడుతున్నాడు. పాడుకోనివ్వండి. కానీ నా భర్త శవం దగ్గర నేను రాగం తీసి ఏడ్చిన ఏడుపును వాడు ఫోనులో రికార్డు చేస్తే, మీరు కొత్త పాటలో పెట్టారు. ఆయన పేరు తీసేసి, కంప్యూటర్‌తో నా గొంతులోనే వాడి పేరు పలికించారు.

"చిల్, అమ్మమ్మా! ఫ్యాన్స్‌కి గూస్‌బంప్స్ వస్తున్నాయి," అంటాడు వాడు.

"చావు రాగానికి రాక చస్తాయా!" అన్నాను.

మాలో ఆ రాగంలో పోయినవాళ్లనే పేరుపెట్టి పిలుస్తాం. బతికున్నవాళ్లను పిలవం. పిలిస్తే వెళ్లిపోతారు. పాస్టరుగారు అది మూఢనమ్మకమన్నారు. "అయితే మీ పేరు పెట్టి పాడనా, అయ్యా?" అన్నాను. టీ సగంలో వదిలేసి లేచారు.

నా గొంతు మీరే ఉంచుకోండి. వాడి పేరు మాత్రం తీసేయండి. అక్కడ ఎవరో ఒకరి పేరు ఉండాలి కదా, నా పేరు పెట్టి నేనే రాగం తీశాను. ఆ రికార్డు దీంతో పంపుతున్నాను.

ఇది నా వేలిముద్ర.

సాక్షి: పర్సిస్.

రెండో సాక్షి: షాలేం రాజు. సంతకం వాడు వచ్చాక. ఆ పాటే పాడి కారులో ఇంటికి వస్తున్నాడు. ఫోను ఎత్తడం లేదు.