తెలుగు అర్జీ

“చదువు సారూ, పెద్దసారు మోటరెక్కుతుండు!” ఆగమ్మ తొందరపెట్టింది.

1956లో కొత్త రాష్ట్రం వచ్చాక, పాతబస్తీ హుస్సేనీ ఆలంలోని తాలూకా కచేరీకి అందిన మొదటి తెలుగు అర్జీ అది. ఆగమ్మ వాళ్ల ఊరికి బావి కావాలి. పేష్కారు చదివి వినిపిస్తేనే తహసీల్దారు మంజూరు చేస్తాడు. ఆ పెద్దసారేమో ఊళ్లు తిరిగి చూసే దౌరాకు బయలుదేరుతున్నాడు.

పేష్కారు రఘునాథ్ అర్జీని తిరగేసి మరగేసి చూశాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ చదువంతా ఉర్దూలో సాగింది. తెలుగులో ఒక్క అక్షరం రాదు.

“అద్దాలు ఇంట్ల మరిచొచ్చినమ్మా.”

“మరి ముక్కు మీదున్నయేంది సారూ?”

బంట్రోతు యూసుఫ్ మియా పకపకా నవ్వి కాగితం లాక్కున్నాడు. మోటారు దగ్గరికి ఉరికి గడగడా చదివేశాడు. తహసీల్దారు అక్కడే సంతకం గీకాడు.

రఘునాథ్ నోరెళ్లబెట్టాడు. “నీకెట్ల వచ్చు భాయ్?”

“మా బిడ్డ బడిల నేర్చుకుంటది సాబ్, పొద్దుమీకి దీపం పెట్టినంక నాకు చెప్తది. తప్పు చదివితే చెవి మెలేస్తది!”

రఘునాథ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఇంకొక్కరికి జాగ ఉంటదా?”

“మస్తు ఉంటది సాబ్!”

ఆగమ్మ చప్పట్లు చరిచింది. “మాకు బావొచ్చె, సారుకు బడొచ్చె! చెవులు పైలం సారూ!”