గీ క్లబ్బు ఎవలిది?

"గీ ఫుట్‌బాల్ క్లబ్బు ఎవలిదన్నా?"

మంథని బస్టాండు పక్క హోటల్లో చాయ్ అందుకుంటూ, ఏమీ ఎరగనివాడిలా అడిగాడు దశరథం.

"అంజన్నది," అన్నాడు హోటలాయన.

"ఏ అంజన్న?"

హోటలాయన అతణ్ణి కింది నుంచి పైదాకా చూశాడు. "ఏ అంజన్న ఏందే? అంజన్న అంటె అంజన్ననే."

దశరథానికి చాయ్ సహించలేదు. పేరు చెప్పి ఇంటిపేరు దాస్తున్నారంటే ఇందులో ఏదో మతలబు ఉంది.

అసలే అనుమానం అతనికి పుట్టుకతో వచ్చిన గుణం. కూరగాయలామె కొసరు వేస్తే ఎందుకు వేసిందా అని ఇంటిదాకా ఆలోచించుకుంటూ పోయే మనిషి. అలాంటివాడు సిరిసిల్ల జట్టుకు కార్యదర్శి. మరమగ్గాల మీద పని దిగి, చెవుల్లో ఆ మోత పోకముందే మైదానానికి పరుగెత్తుకొచ్చే కుర్రాళ్ల జట్టది. ఈ ఏడు గోదావరి లీగులో మొదటి స్థానం నిలబెట్టుకుంటే రాష్ట్ర లీగుకు ఎక్కుతారు. అడ్డమల్లా ఆదివారం లక్సెట్టిపేటతో మంథని ఆడే ఆటే. మంథని గెలిచిందా, సిరిసిల్ల ఆశ గల్లంతే.

లక్సెట్టిపేట జట్టు మామూలుగా ఓడేది కాదు. ఓడమని ఎవరైనా చెబితే తప్ప.

ఆ జట్టును నడిపేది ఉపేందర్‌రావు, వడ్ల మిల్లుల ఆసామి. నిరుడు పీకలదాకా అప్పుల్లో మునిగిన మంథని క్లబ్బు ఈ ఏడు కొత్త బూట్లతో తిరుగుతోంది. అప్పులవాళ్ల జాడే లేదు. క్లబ్బును ఎవరో చాటుగా కొనేసి ఉంటారు. ఆ ఎవరో ఉపేందర్‌రావే అయితే ఆదివారం జరిగేది ఆట కాదు, నాటకం. లీగు నియమం మాత్రం స్పష్టంగా ఉంది: ఒకే యజమానికి రెండు జట్లుంటే రెండూ బయటికే.

అప్పులు సిరిసిల్ల క్లబ్బుకూ ఉండేవి. నిరుడు దశరథం ఒకనాడు గట్టిగా మాట్లాడిన తర్వాత అప్పులవాళ్లు రావడం మానేశారు. అది తన నోటి మహిమేనని అతని నమ్మకం.

దారి కాకపోయినా లక్సెట్టిపేట వెళ్లాడు. మైదానం పక్కన ఉపేందర్‌రావు కారు దిగి డ్రైవర్‌ను కేకేశాడు. "అంజన్నా, బంతులు దించు!"

దశరథం గుండె ఎగిరి గంతేసింది. దొంగ దొరికాడు.

మర్నాడే కరీంనగర్‌లో లీగు ఆఫీసులో పంచాయితీ పెట్టించాడు. అధ్యక్షుడు రామచంద్రం రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఒక పక్క ఉపేందర్‌రావు, ఇంకో పక్క మంథని జట్టు మేనేజర్ కైలాసం కూర్చున్నారు.

"సార్, మంథని క్లబ్బు అంజన్నదని ఊరు ఊరంత చెప్తుంది. అంజన్న ఎవలు? రావు సాబ్ కారు డ్రైవర్! ఇగ అసలు యజమాని ఎవలో నేను చెప్పాల్నా?"

కైలాసం పకపకా నవ్వాడు. "డ్రైవర్ అంజన్న కాదే, కొండగట్టు గుడిల ఉన్న అంజన్న! అప్పులోల్లు జప్తుకొస్తుండ్రని క్లబ్బును స్వామి పేర రాసినం. దేవుని సొమ్ము మీద చెయ్యేసే ధైర్యం ఎవలికుంటది? దండం వెట్టి, వాయిదాలకు ఒప్పుకొని పోయిండ్రు."

గదిలో అందరూ నవ్వారు. దశరథానికి తల కొట్టేసినట్టయింది.

ఉపేందర్‌రావు కళ్లు తుడుచుకుంటూ అన్నాడు. "గా ఉపాయం చెప్పిందే నేను, దశరథం! నా క్లబ్బును గూడ ముందుగాల గట్లనే కాపాడుకున్న."

దశరథం చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అంటె మీది గూడ అంజన్న పేరు మీదనే ఉన్నదా?"

"అవ్, ఉన్నది."

"ఇన్నరా సార్? ఒక్క యజమాని, రెండు జట్లు!"

నవ్వులు ఆగిపోయాయి.

"దేవుణ్ణి యజమాని అంటవా?" అన్నాడు రామచంద్రం.

"దేవుని పేర భూములుంటయి, కోర్టుల కేసులుంటయి. క్లబ్బెందుకుండది సార్? యజమాని మనిషే కావాలని మన నియమంల ఉన్నదా?"

రామచంద్రం నియమాల పుస్తకం తిరగేశాడు. "లేదు," అన్నాడు చివరికి. "నియమం నియమమే. రెండు జట్లూ బయటికే."

"పిల్లలేం జేసిండ్రు సార్?" కైలాసం కుర్చీలోంచి లేచాడు. దశరథానికి ఒక్క క్షణం జాలేసింది. అంతలోనే మగ్గాల దగ్గర నిలబడి ఉండే తన కుర్రాళ్లు గుర్తొచ్చి ఆ జాలిని మింగేశాడు.

"వీళ్లను అడిగినంక నిన్ను గూడ అడగాలె గద," అన్నాడు రామచంద్రం. "మీ క్లబ్బు ఎవలిది?"

"మా శంకరవ్వది సార్. ఆమె పెనిమిటి పెట్టిన క్లబ్బు. ఆయన పోయినంక ఆమె పేరు మీదికొచ్చింది. మేం వేములవాడ రాజన్నకు కోడెను కట్టి మొక్కేటోల్లం. కొండగట్టుతోని మాకు పనే లేదు." అనుమానాలు పెట్టుకోవడం తన వంతే గానీ, తన మీద ఎవరికీ అనుమానం మిగలకూడదని ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "మీరే వినుండ్రి."

అవతల మగ్గం మోత వినిపించింది.

"శంకరవ్వా, మన క్లబ్బు ఎవలిది? జర గట్టిగ చెప్పు, సార్లు వింటుండ్రు."

అవతల మగ్గం ఆగింది.

"నీకెవలు చెప్పిండ్రు బిడ్డా?"

"ఏం చెప్పిండ్రు?"

"నిరుడు అప్పులోల్లు వాకిట్ల కూసుంటె నాకు పానం ఆగలే. నీకు చెప్తె పూజారిని గూడ అనుమానిస్తవని చెప్పలే."

"ఏం చెప్పలే, శంకరవ్వా?"

"క్లబ్బును కొండగట్టుకు రాసిచ్చిన బిడ్డా."